తీగ మీద గీత

పంపుల కంపెనీ లారీ వాడు మూడు పెట్టెల్ని షెడ్డు గుమ్మంలో పడేసి, సంతకం కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. పెట్టెల మీద ‘వాపసు’ అని ఎర్ర కాగితాలు అంటించి ఉన్నాయి. షెడ్డులో పద్నాలుగు మంది పనివాళ్ళు. పద్నాలుగు మందీ చూశారు. ఎవరూ చేతిలో పని ఆపలేదు.

యజమానురాలు స్క్రూడ్రైవరుతో మొదటి పెట్టె మూత పెకలించింది. బొటనవేలంత స్ప్రింగులు, పంపినప్పుడు ఎలా పేర్చారో అలాగే వరసలుగా ఉన్నాయి. పైన ఒక ప్లాస్టిక్ సంచిలో విరిగినవి వేరుగా కట్టి పంపారు. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. మూడో చుట్టు దగ్గర తెగింది. ఇంకోటి తీసింది. అదీ మూడో చుట్టు దగ్గరే.

సంచితోపాటు ఒక ఉత్తరం. లక్షసార్లు నొక్కినా తట్టుకోవలసిన స్ప్రింగు ఇరవై వేలకే విరుగుతోందనీ, కారణమేమిటో, ఏం చర్య తీసుకున్నారో శుక్రవారంలోగా రాసివ్వాలనీ, లేకపోతే ఆర్డరు వేరేవాళ్ళకు వెళ్తుందనీ అందులో ఉంది. ఆమె రెండుసార్లు చదివి మరిదికి అందించింది. షెడ్డులో పనివాళ్ళ మీద అజమాయిషీ, కంపెనీ వాళ్ళతో మాట్లాడటం మరిది పని.

“ఇందులో వెతకడానికేముంది వదినా, కొలిమాయనే,” అన్నాడతను. “పొయ్యి ముందు కునుకుతుంటే నేనే రెండుసార్లు చూశాను. సరిగ్గా కాగకపోతే విరగక ఏం చేస్తాయి?”

మిషను మీద చుట్టిన స్ప్రింగుల్ని ఇనప ట్రేల్లో పేర్చి, పొయ్యిలో అరగంట కాచి తీస్తే తప్ప తీగలో బిగువు సర్దుకోదు. ఆ పని షెడ్డుకు కప్పు వేసిన ఏడాది నుంచీ ఒకే మనిషి చేస్తున్నాడు. అది కరెంటు పొయ్యే అయినా ఆయన్ని అందరూ కొలిమాయన అనే పిలిచేవారు. ఆయన ఆ సమయంలో ఒక ట్రే బయటికి లాగి, రంగు చూస్తున్నాడు.

ఆమె విరిగిన ముక్కల్ని ఆయన ముందున్న బల్ల మీద కుమ్మరించింది. ఒకటి రెండు దొర్లి కింద పడ్డాయి.

“నిద్రొస్తే ఇంటికెళ్ళి పడుకోండి. ఇదేం ధర్మసత్రం కాదు.”

“నేను నిద్రపోలేదమ్మా,” అన్నాడు కొలిమాయన.

“మరి వీటిని విరిచిందెవరు? నేనా?”

ఆ మాట షెడ్డు చివరిదాకా వినిపించింది. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి కాని, మనుషుల చేతులు మాత్రం నెమ్మదించాయి. కొలిమాయన వంగి కింద పడ్డ ముక్కల్ని ఏరి బల్ల మీద పెట్టాడు. తోలు చేతితొడుగులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టాడు. “ట్రే ఇంకో పది నిమిషాలు చల్లారాలి. అప్పుడే ముట్టుకోకండి,” అని చెప్పి, కారియరు తీసుకుని వెళ్ళిపోయాడు.

స్ప్రింగులు చుట్టే మిషను దగ్గర నిలబడ్డ పనావిడ తల ఎత్తలేదు. మిషను బిగింపులన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి. సన్నగా పొడుగ్గా ఉంటుంది, మాట తగిలితే గుచ్చుకుంటుంది కనుక ఆవిడకు సూది అని పేరు పడింది. అరగంట క్రితమే నూనె పోసిన చోట మళ్ళీ నూనె పోస్తోంది.

మర్నాడు పొద్దున యజమానురాలు వచ్చేసరికి షెడ్డు తాళం తీసి ఉంది, మనుషులు వచ్చి ఉన్నారు, పని మాత్రం మొదలు కాలేదు. నిన్నటి తీగ ముక్కలు నేల మీద అలాగే ఉన్నాయి.

“ఊడ్వలేదేం?”

“ఊడ్వమని చెప్పలేదమ్మా,” అన్నాడు మిషను పక్కనున్న మనిషి, ఎంతో మర్యాదగా.

చెప్పింది. ఊడ్చారు. మిషన్లు వెయ్యమంది. వేశారు. గంట తర్వాత చూస్తే రెండో మిషను ఖాళీగా తిరుగుతోంది. తీగ కట్ట ఎప్పుడో అయిపోయింది. ఆ మనిషి చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు దాని ముందు నిలబడి ఉన్నాడు.

“కళ్ళు కనిపించటం లేదా? తీగ అయిపోతే ఎక్కించుకోవద్దా?”

“మీరు చెప్పందే ఎలా ఎక్కిస్తామమ్మా? మా అంతట మేం ఏదైనా చేశామనుకోండి, రేపు విరిగితే?”

అతని మొహంలో ఎగతాళి లేదు. అదే ఆమెకు ఇంకా ఒళ్ళు మండించింది. తిట్టడానికి నోరు తెరిచింది కాని, తిట్టడానికి ఏదీ దొరకలేదు. అందరూ చెప్పింది చెప్పినట్టే చేస్తున్నారు. పెట్టెలు కట్టే మనిషి, కాగితంలో ఆమె తప్పు రాస్తే ఆ తప్పు ప్రకారమే రెండొందల పెట్టెల మీద చీటీలు అంటించాడు. ఆమె నడిచిన చోటల్లా మాటలు ఆగిపోయేవి. దాటి వెళ్ళాక వెనక మళ్ళీ మొదలయ్యేవి. చెప్పకుండా జరిగిపోయే పనులు ఈ షెడ్డులో ఇన్ని ఉన్నాయని ఆమెకు అంతవరకూ తెలియదు.

పొయ్యి దగ్గరికి ఎవరినైనా వెళ్ళమంటే ముగ్గురూ ఒకే మాట అన్నారు. “మాకు రాదమ్మా.”

“నాకొచ్చు,” అని ఆమే వెళ్ళింది.

చేతితొడుగులు ఆమెకు పెద్దవి. మొదటి ట్రే లాగేటప్పుడు మణికట్టు కాలింది. పళ్ళ బిగువున ఊరుకుంది. పొయ్యి వేడి చూపే మీటరు మీద నమ్మకం లేక, పక్క వీధి గాజు పనివాళ్ళ దగ్గర్నుంచి ఇంకో మీటరు ఎరువు తెచ్చింది. రెండూ ఒకే అంకె చూపించాయి. గడియారం పెట్టుకుని, సరిగ్గా అరగంట, నిమిషం అటూ ఇటూ కాకుండా మూడు ట్రేలు కాచింది. చల్లారాక ఒక్కో ట్రేలోంచి ఒక్కోటి తీసి పరీక్ష యంత్రంలో బిగించింది. అది స్ప్రింగును నొక్కుతూ వదులుతూ, ఎన్నిసార్లయిందో తానే లెక్క పెడుతుంది. టకటకమంటూ సాయంత్రం దాకా కొట్టుకుంది.

మొదటిది పద్దెనిమిది వేల దగ్గర విరిగింది. రెండోది పందొమ్మిది. మూడోది ఇరవై దాటి ఆగింది. మూడూ మూడో చుట్టు దగ్గరే.

ఆఫీసు గదిలో మరిది ఫోనులో మాట్లాడుతున్నాడు. “అవును సార్. మనిషిని తీసేశాం సార్… అదే రోజు.” పెట్టేసి, టైపు చేసి ఉంచిన కాగితం ఆమె ముందుకు జరిపాడు. కాచే పనివాడి నిర్లక్ష్యం వల్ల లోపం జరిగిందనీ, అతన్ని పనిలోంచి తొలగించామనీ నాలుగు లైన్లు. పనివాడి పూర్తి పేరు కూడా ఉంది.

“సంతకం పెట్టు వదినా. ఇలా రాసిస్తే ఫైలు మూసేస్తానన్నాడు నాణ్యత ఆఫీసరు.”

“నేను కాచినవి కూడా విరుగుతున్నాయి.”

“నీకు కాచడం వచ్చా ఏమన్నా? రాక విరుగుతున్నాయి.”

“ఆయన కాచినవి నిద్రపోయి విరిగాయి, నేను కాచినవి రాక విరిగాయి. రెండూ ఒకే చోట ఎందుకు విరుగుతాయి?”

మరిది కలం మూత తీసి, కలాన్ని కాగితం మీద అడ్డంగా పెట్టాడు. “శుక్రవారం దాకానే టైము,” అన్నాడు. ఆమె కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

గురువారం పొద్దున్నే ఆమె విరగని స్ప్రింగునొకదాన్ని తీసుకుని, ఒక కొసను బల్లకున్న వైసులో బిగించి, రెండో కొసను పటకారుతో పట్టి లాగింది. చుట్లు మొండిగా విచ్చుకున్నాయి. వంకరటింకరగా సాగిన తీగను కిటికీ వెలుగులోకి తెచ్చి భూతద్దంతో చూసింది. బయటికి కనిపించే వైపు నున్నగా ఉంది. చుట్ట లోపల దాగే వైపు, తీగ పొడవునా, వెంట్రుకంత గీత. గోరు పెట్టి అడ్డంగా లాగితే టక్కున తగిలింది.

పొయ్యి గీతలు గీయదు. నొక్కినప్పుడు ఒత్తిడి ఎక్కువ పడేది మూడో చుట్టు మీద, గీతున్న తీగ అక్కడే తెగుతుంది. ఆమె చుట్టే మిషను దగ్గరికి నడిచి స్విచ్చి ఆపింది. కట్ట నుంచి వచ్చే తీగను వేళ్ళతో తడిమింది. నున్నగా ఉంది. గైడు దాటిన చోట తడిమింది. గీత ఉంది. గైడంటే తీగకు దారి చూపే రెండు ఉక్కు పలకలు. మధ్యలో గాడి, ఆ గాడిలోంచి తీగ జారుతూ పోతుంది. మరలు విప్పి పలకను చేతిలోకి తీసుకుంది. గాడి అంచు అరిగి అరిగి, ఒకచోట కోరపన్నులా లేచి ఉంది.

సూది చేతులు కట్టుకుని చూస్తోంది.

“ఇది ఇలా అరిగిందని నీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాను,” అంది సూది. “ఇదే పలక విప్పి, చేత్తో పట్టుకుని మీ గదికొచ్చాను. మీరు ఫోనులో ఉన్నారు. మార్చాలమ్మా అన్నాను. మీరు ఇలా అన్నారు.” చెయ్యెత్తి, ఈగను తోలినట్టు రెండు వేళ్ళు విదిలించింది. “తర్వాత మీ మరిదిగారికి చెప్పాను. కొత్తది కావాలంటే వదినను అడుగు అన్నారు.”

ఆమెకు ఆ రోజు గుర్తు రాలేదు. ఫోను గుర్తు రాలేదు, పలక గుర్తు రాలేదు. చెయ్యి మాత్రం తనదే. పొద్దుట్నుంచి రాత్రి దాకా ఆ చేత్తో అలా ఎంతమందిని తోలుతుందో ఆమెకు లెక్క లేదు.

“మరి మొన్న ఆయన్ని నేను అన్నేసి మాటలంటుంటే నోరు మూసుకున్నావెందుకు?”

“మీరడిగారా?” అని, సూది కొంచెం గొంతు తగ్గించింది. “నోరు తెరిస్తే ఆయన బదులు నేను పోయేదాన్ని. ఇంట్లో పొయ్యి నా ఒక్కదాని మీదే వెలగాలి. మూడు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. అది మీకు చెప్పాల్సిన పని లేదులెండి.”

చుట్టుపక్కల వాళ్ళు పనిలో ఉన్నట్టే ఉన్నారు. చెవులన్నీ ఇటే ఉన్నాయి. ఆమె పలకను రుమాల్లో చుట్టి బయటికి నడిచింది.

కొలిమాయన ఇల్లు మూడు వీధుల అవతల, మేడ కింద రెండు గదులు. ముందు గదిలో ఆయన భార్య చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఒళ్ళో ఒకటి, పక్కన దొంతరగా ముప్పై. వచ్చిందెవరో చూసి, దారం పంటితో కొరికి, ఇంకో గుండీ తీసుకుంది.

“కూర్చోమనడానికి కుర్చీ ఉంది,” అంది. “మనసే లేదు.”

ఆమె నిలబడే ఉంది. కొలిమాయన లోపలి గదిలోంచి వచ్చాడు. చేతికి మసి, ఎవరిదో పాడైన స్టవ్వు బాగుచేస్తున్నట్టుంది. ఆమె రుమాలు విప్పి పలక చూపించింది. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి, అంచు మీద బొటనవేలు నడిపించాడు.

“అదా,” అన్నాడు.

“తప్పు మీది కాదు. నాది. మొన్న తొందరపడ్డాను. రేపట్నుంచి పనిలోకి రండి.”

గుండీలు కుట్టే చేయి ఆగింది. కొలిమాయన పలకను జాగ్రత్తగా మళ్ళీ రుమాల్లో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

“నిన్న రెండు షెడ్లకు వెళ్ళాను పని అడుగుదామని. మొదటి చోట మేస్త్రీ నన్ను చూసి, ‘తాతా, మా పొయ్యి దగ్గర మంచం వెయ్యలేం’ అన్నాడు. రెండో చోట గేటులోనే ఆపేశారు. మీ మరిదిగారు ఫోన్లు చేసి చెప్పారట.” ఆయన గొంతులో కోపం వినిపించలేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పాడు. “అన్నదేమో నలుగురిలో. సర్దుకునేది మా గుమ్మంలోనా అమ్మా?”

“ఏం చెయ్యమంటారు?”

“నేను చేయించేవాణ్ణి కాదు. మీకేది తోస్తే అది చెయ్యండి.”

ఆమె మెట్టు దిగుతుంటే వెనక నుంచి ఆయన భార్య అంది. “కుక్కకైనా అన్నం పెట్టి తరుముతారు.”

సాయంత్రం మరిది గదిలో అటూ ఇటూ తిరిగాడు. “ముసలాయన ఇంటికెళ్ళావట. సరే, వెళ్ళావు. ఇప్పుడు అందరి ముందూ తప్పయిపోయిందంటావా? ఒకసారి తల వంచావంటే రేపట్నుంచి ఊడ్చే మనిషి కూడా నీ నెత్తినెక్కుతాడు. గైడు మార్చేద్దాం, గుట్టుగా. ఉత్తరం అలాగే పంపుదాం. కంపెనీకి కావలసింది ఒక పేరు. ఆ పేరు ఆయనది, అంతే. ఇప్పుడు పనిలో లేనివాడికి పోయేదేముంది?”

“పని దొరకదు.”

“మన ఆర్డరు పోతే పద్నాలుగు మందికి దొరకదు.”

అతను చెప్పిందీ నిజమే. ఆమె సొరుగులోంచి మడిచిన కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, కొత్త కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మరిది గుమ్మం దాకా వెళ్ళి, “అన్నయ్య బతికుంటే ఇలా జరిగేది కాదు,” అన్నాడు. ఆమె రాస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున కొలిమాయనకు కబురు పంపింది. ఆయన వచ్చాడు కాని గేటు లోపలికి రాలేదు. గేటు పక్క గోడకానుకుని నిలబడ్డాడు. ఆమె మిషన్లన్నీ ఆపించి, అందరినీ గుమ్మం దగ్గరికి పిలిచింది. మరిది గది తలుపు వేసుకున్నాడు.

మాట్లాడటం ఆమెకు అలవాటే. ఆర్డర్లు వెయ్యడమూ అలవాటే. ఇది మాత్రం అలవాటు లేదు.

“మంగళవారం నేను ఈయన్ని నిద్రపోయాడన్నాను. ఈయన నిద్రపోలేదు. స్ప్రింగులు విరిగింది గైడు అరిగినందుకు. మార్చాలని నాకు చెప్పారు. నేను వినిపించుకోలేదు. తప్పు నాది.”

ఎవరో దగ్గారు. ఇంకెవరూ కదల్లేదు.

“కంపెనీకి ఇచ్చే కాగితంలో కూడా అదే ఉంటుందా?” అని కొలిమాయన గేటు దగ్గర్నుంచి అడిగాడు.

ఆమె కాగితం తీసి చదివింది. గైడు పలక అరిగిన సంగతి ముందే తెలిసినా మార్చకపోవడం యజమాని పొరపాటు. కాచే పనిలో ఏ లోపమూ లేదు. ఆ పనివాడి మీద నోటిమాటగా చెప్పింది తప్పు. రెండు చోట్ల ఆగి, లైను మొదటికి వెళ్ళి మళ్ళీ చదివింది. చదవడం అయ్యాక దాని నకలొకటి ఆయనకిచ్చింది. కొలిమాయన అక్షరం అక్షరం చదువుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన లోపలికొస్తాడని అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన తల ఊపి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

సోమవారం నాణ్యత ఆఫీసరు స్వయంగా వచ్చాడు. చేతిలో ఆమె రాసిన ఉత్తరం.

“ఇంత నిజం మాకెందుకమ్మా?” అన్నాడు విసుగ్గా. “మనిషిని తీసేశామంటే ఒక్క లైను, ఫైలు మూసేసేవాణ్ణి. యజమానే వినలేదని రాస్తే మీ షెడ్డు మొత్తం తనిఖీ చెయ్యక చస్తానా?”

చేశాడు. మధ్యాహ్నం దాకా ప్రతి మిషనూ విప్పించాడు, ప్రతి కొలతా తీయించాడు. మిగతా గైడుల్లో ఇంకో రెండు అరిగినవి దొరికాయి. పోతూ పోతూ, ఆర్నెల్లపాటు సగం ఆర్డరే ఇస్తామన్నాడు. మిగతా సగం వీధి చివరి షెడ్డుకు.

ఆ సాయంత్రమే తెలిసింది, వీధి చివరి షెడ్డువాళ్ళు కొత్త పనికి కొలిమాయన్ను పెట్టుకున్నారని. ఆమె నేరుగా వెళ్ళి, గేటు బయట ఆయన్ని కలిసింది.

“మా దగ్గరికి రారా ఇక?”

“మాటిచ్చేశానమ్మా. మీ కాగితం చూపించాకే రమ్మన్నారు వాళ్ళు.” ఆయన లోపలికి వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. “ట్రేలో స్ప్రింగులు మరీ దగ్గరగా పేరుస్తున్నారట మీరు. గాలి ఆడాలి. వేలెడు సందు ఉంచండి.”

“చూశావా వదినా,” అన్నాడు మరిది ఆ సంగతి విని. “ఆర్డరూ పోయింది, మనిషీ పోయాడు. ఏం మిగిలింది నీకు?”

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఖాళీ ట్రే మీద వేలెడు సందు ఎంతో కొలిచి చూసుకుంది.

మంగళవారం కొత్త గైడులు బిగించి పని మొదలుపెట్టారు. ఎవరూ నవ్వు మొహంతో లేరు. కాకపోతే నేల ఊడ్చి ఉంది. ఆమె పొయ్యి దగ్గర ట్రేలు పేరుస్తోంది, వేలెడు వేలెడు సందు ఉంచుతూ. పదిన్నరకు చుట్టే మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

మరిది గదిలోంచి వచ్చాడు. “ఎవరాపారు?”

“నేనే,” అంది సూది. “తీగ గరుగ్గా తగిలింది చేతికి.”

ఆమె చేతితొడుగులు విప్పి, భూతద్దం తీసుకుని వచ్చింది. గైడు విప్పించి చూసింది. గాడి అద్దంలా ఉంది. తీగను బారెడు పొడవునా చూసింది. గీత లేదు. ఎండిపోయిన నూనె మురికి ఒకచోట అంటుకుని ఉంది, గోటితో గీకితే వచ్చేసింది.

“ఏమీ లేదు,” అన్నాడు మరిది. “ఏమీ లేనిదానికి అరగంట పోయింది.”

సూది మొన్నటిలాగే చేతులు కట్టుకుని ఆమె వంక చూస్తోంది. రెండో మిషను మనిషి కూడా చూస్తున్నాడు. పెట్టెలు కట్టే మనిషీ చూస్తున్నాడు. ఆమె నోటిదాకా ఒక మాట వచ్చింది, అలవాటైన మాటే. దాన్ని మింగింది.

“తుడిచి నడుపు,” అంది. “మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ ఆపు.”

“ఎన్నిసార్లు?”

“వచ్చినన్నిసార్లు.”

సూది మొహంలో మెత్తదనమేమీ కనిపించలేదు. తీగ తుడిచింది, గైడు బిగించింది, స్విచ్చి నొక్కింది. యజమానురాలు మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

భోజనాల వేళలోపు మిషను ఇంకో రెండుసార్లు ఆగింది. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి, కొత్తగా విప్పిన తీగ కట్టలో, గైడులోకి ఇంకా పోకముందే, గీత ఉంది.